పుంజో పెట్టో తేలేదాకా అమ్మకండి

పోయినవారం పొదుగుకి గుడ్లు ఎలా ఏరుకోవాలో, ఒక్కో కోడి కింద ఎన్ని పెట్టాలో చెప్పుకున్నాం కదా. ఆ గుడ్లు 21 రోజులకి పిల్లలవుతాయి. ఇంకో నెల తిరిగేసరికి ఇంట్లో అందరి నోటా ఒకటే ప్రశ్న: "వీటిలో పుంజులెన్ని, పెట్టలెన్ని?" ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

ఇదేం పెద్ద విషయమా అనుకోకండి. పెరటి కోళ్ళ డబ్బు చాలా ఇళ్ళల్లో ఇల్లాలి సొంత డబ్బు. పోపులపెట్టెలో దాచుకునేది, పిల్లాడి నోటు పుస్తకాలకీ, పుట్టింటికి వెళ్ళొచ్చే బస్సు చార్జీకీ అక్కరకొచ్చేది అదే. మన నాటు పెట్ట ఏడాదికి 60 నుంచి 80 దాకా గుడ్లు పెడుతుంది. అందులో కొన్నింటిని పొదగేస్తే మళ్ళీ ఓ గంపెడు పిల్లలు. అలాంటి పెట్టని నెలన్నర వయసులో పుంజనుకుని అమ్మేస్తే ఏడాది పంటని అమ్ముకున్నట్టే. పెట్టలనుకుని పుంజుల్ని మేపుకుంటూ కూర్చుంటే నూకలు దండగ, పైగా అవి కొట్టుకుని చస్తాయి.

కోళ్ళ బేరగాళ్ళకి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. మోటారు సైకిలుకి గంపలు కట్టుకుని వచ్చినతను మన దగ్గర కొనేటప్పుడు "అన్నీ పుంజులేనమ్మా, ఏం చేసుకుంటారు" అంటాడు. మనకి అమ్మేటప్పుడు "అన్నీ పెట్టలేనమ్మా, రేపో మాపో గుడ్డు పెడతాయి" అంటాడు. మా వీధిలో ఒకావిడ అలాగే ఆరు పిల్లల్ని పెట్టలని కొనుక్కుంది. నాలుగో నెల వచ్చేసరికి అయిదు కూతలు మొదలెట్టాయి. ఆవిడకి మిగిలింది ఒక్క పెట్ట! అతను మళ్ళీ ఆ వీధి వైపు వస్తే ఒట్టు.

గుడ్డుని చూసి చెప్పగలమా?

చెప్పలేం. కోసుగా ఉన్న గుడ్డు పుంజవుతుందనీ, గుండ్రంగా ఉన్నది పెట్టవుతుందనీ కొందరంటారు. కాదు, దానికి తిరగేసి అని ఇంకొందరంటారు. సూదికి దారం కట్టి గుడ్డు మీద వేలాడదీసి అది ఊగే తీరుని బట్టి చెప్పేవాళ్ళున్నారు. పిల్లని కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి, అది తన్నుకుంటే పుంజు, ఊరుకుంటే పెట్ట అనేవాళ్ళూ ఉన్నారు. వీటిలో ఒక్కటీ నిజం కాదు. మరి ఇన్నేళ్ళ నుంచీ జనం ఎందుకు నమ్ముతున్నారంటారా? కళ్ళు మూసుకుని ఏదో ఒకటి చెప్పినా సగం సార్లు నిజమవుతుంది. నిజమైనవి గుర్తుంటాయి, తప్పినవి మర్చిపోతాం. అంతే.

గుడ్డుకి పెంకు కట్టకముందే, తల్లి కడుపులో ఉన్నప్పుడే అది పుంజో పెట్టో తేలిపోతుంది. తర్వాత మనం పొదుగుని ఏ దిక్కున పెట్టినా, ఏ తిథినాడు పెట్టినా అది మారదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కోళ్ళలో పిల్ల ఆడదా మగదా అన్నది నిర్ణయించేది తల్లి కోడి. పుంజు నుంచి ఎప్పుడూ ఒకే రకం వస్తుంది. పెట్ట నుంచి రెండు రకాల్లో ఒకటి వస్తుంది, దాన్ని బట్టి పిల్ల ఉంటుంది. మనుషుల్లో దీనికి సరిగ్గా ఎదురు. తల్లి నుంచి ఒకే రకం, తండ్రి నుంచి రెండు రకాల్లో ఒకటి. అంటే మన ఇళ్ళల్లో పుట్టేది ఆడపిల్లా మగపిల్లాడా అన్నది తేలేది తండ్రి వైపు నుంచి. వరసగా ఆడపిల్లల్ని కన్నదని కోడల్ని ఆడిపోసుకునే అత్తగారు మీకు తెలిసినవాళ్ళలో ఎవరైనా ఉంటే, ఈ ఒక్క పేరా చదివి వినిపించండి. అలాగని కొడుకుని తిట్టమనీ కాదు. అందులో ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

అలాగే పది పిల్లలు లేస్తే అయిదూ అయిదూ ఉండి తీరాలనీ లేదు. లెక్కవేసి చూస్తే, పది పిల్లల పొదుగులు మూడు వేస్తే అందులో సుమారు ఒకదాంట్లో ఏడో అంతకన్నా ఎక్కువో ఒకవైపే ఉంటాయి. కాబట్టి ఏడు పుంజులు వస్తే కోడి మంచిది కాదని దాన్ని అమ్మేయకండి. పై పొదుగులో ఏడు పెట్టలు రావచ్చు.

ఒక్కరోజు పిల్లని చూసి

పెద్ద పెద్ద హేచరీల్లో ఒక్కరోజు పిల్లనే వేరుచేస్తారు కదా, మనమెందుకు చేయలేం అని మీరడగవచ్చు. వాళ్ళకి రెండు పద్ధతులున్నాయి. మొదటిది, పిల్లని బోర్లించి వెనక భాగాన్ని మెల్లిగా విప్పి చూడటం. దీన్ని 1920ల్లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. చూడాల్సిన గుర్తు ఆవగింజకన్నా చిన్నది. బాగా తర్ఫీదు పొందినవాళ్ళే చెప్పగలరు. తెలియకుండా మనం నొక్కితే లోపల ఇంకా కరగని పచ్చసొన సంచి చితికి పిల్ల చచ్చిపోతుంది. ఇంట్లో ఆ పని చేయకండి, పిల్లల్ని చేయనివ్వకండి.

రెండోది రెక్క ఈకల్ని చూడటం. ఆడపిల్లకి పొడుగు ఈకలు, మగపిల్లకి పొట్టి ఈకలు ఉంటాయి. అయితే ఇది అన్ని కోళ్ళకీ వర్తించదు. ఈకలు నెమ్మదిగా వచ్చే జాతి పెట్టని, త్వరగా వచ్చే జాతి పుంజుతో కలిపితేనే అలా వస్తుంది. ఆ గుణం అప్పుడు తల్లి నుంచి కొడుకులకి మాత్రమే పోతుంది, కూతుళ్ళు తండ్రిని పోలి వస్తాయి. మన పెరట్లో అన్నీ కలగాపులగం. అందుకని నాటుపిల్ల రెక్క విప్పి చూసి ఏమీ చెప్పలేం.

హేచరీ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా వినండి. ఎరుపు, ఆకుపచ్చ, గులాబి రంగులు పూసి బజార్లో పిల్లలకి అమ్మే కోడిపిల్లలు చాలావరకు గుడ్ల కోళ్ళ హేచరీల్లో ఏరేసిన మగపిల్లలే. బాబు ఏడుస్తున్నాడని కొనిస్తే కొనివ్వండి గానీ, అవి పెద్దయి గుడ్లు పెడతాయని ఆశ పెట్టుకోకండి.

ఆరోవారం: తలమీద జుట్టు

అయిదారు వారాలకి మొదటి గుర్తు కనిపిస్తుంది. కోడి తలమీద రంపపు పళ్ళలా ఉండే జుట్టూ, గడ్డం కింద వేలాడే తమ్మెలూ చూడండి. లేత పుంజుకి జుట్టు కాస్త లావెక్కి గులాబి రంగులోకి, తర్వాత ఎరుపులోకి తిరుగుతుంది. తమ్మెలు మొలకలేస్తాయి. పెట్టకి జుట్టు చిన్నగా, పసుపుపచ్చగా ఉండిపోతుంది. పుంజు కాళ్ళు కూడా లావుగా ఉంటాయి. నిలబడటంలో ఛాతీ ముందుకి, మెడ నిటారుగా ఉంటుంది.

చూసేటప్పుడు ఒకే పొదుగు పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. ఈ పొదుగు పిల్లని పై పొదుగు పిల్లతో పోలిస్తే లెక్క తప్పుతుంది. తిండి చాలనివీ, పారుడు పట్టినవీ జుట్టు పాలిపోయి ఉంటాయి. అది చూసి పెట్ట అనుకోకూడదు. ఈ వయసులో బాగా ఎర్రబడ్డవి చాలావరకు పుంజులే. కానీ ఎర్రబడనివన్నీ పెట్టలని అనుకోకండి. నెమ్మదిగా ఎదిగే పుంజులూ ఉంటాయి.

ఇంకో జాగ్రత్త. అసీల్ జాతి కోళ్ళకి, అంటే మనవాళ్ళు పందెంకోళ్ళంటారే వాటికి, జుట్టు బఠాణీ గింజలు వరసపెట్టి అతికించినట్టు తలకి అంటుకుని ఉంటుంది. పుంజుకైనా పెద్దగా పెరగదు. మన ఆంధ్రా పల్లెల్లో ఆ రక్తం కలవని నాటుకోడి తక్కువ. మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన కడక్‌నాథ్ నల్లకోడికి జుట్టు కూడా నలుపే, ఎరుపు సరిగ్గా తేలదు. ఇలాంటి వాటికి జుట్టు చూసి తీర్పు చెప్పకండి.

తొమ్మిదోవారం: ఒంటి రంగు

రెండు నెలలు నిండాక రంగు కొంత చెబుతుంది. ఎరుపు, గోధుమ రంగు కలిసిన కోళ్ళలో పెట్టకి ఒళ్ళంతా ఒకే తీరున మట్టిరంగు, సన్న సన్న చుక్కలు ఉంటాయి. పుంజుకి రెక్కల భుజాల మీద ముదురు ఎరుపు మచ్చలు అక్కడక్కడా తేలతాయి, ఛాతీ నల్లబడుతుంది. అతుకుల బొంతలా కనిపిస్తుంది. పూర్తిగా తెల్లవీ, పూర్తిగా నల్లవీ అయితే ఈ గుర్తు పనికిరాదు.

కొట్టుకోవడం చూసి పుంజులని తేల్చేయకండి. ఈ వయసులో పెట్టలు కూడా మెడలు నిక్కించి ఒకదాని మీద ఒకటి ఎగురుతాయి. గుంపులో ఎవరు పెద్దో తేల్చుకునే ఆట అది.

పన్నెండోవారం: నడుం ఈకలు

నన్నడిగితే నమ్మదగ్గ గుర్తు ఇదే. పది వారాలు దాటాక మెడ మీదా, నడుం మీద తోక మొదలయ్యేచోటా కొత్త ఈకలు వస్తాయి. పుంజుకి అవి సన్నగా, పొడుగ్గా, కొన ఈటెలా కోసుగా, నిగనిగలాడుతూ ఉంటాయి. పెట్టకి వెడల్పుగా, కొన గుండ్రంగా, పక్క ఈకల్లాగే ఉంటాయి. ఇంకొంచెం ఎదిగాక పుంజు తోకలో కొడవలిలా వంగిన ఈకలు వస్తాయి. పెట్టకి ఎన్నేళ్ళొచ్చినా అవి రావు.

దీన్నే ఎందుకు నమ్మాలంటే, ఈక ఆకారం తిండిని బట్టో, ఒంటి బలాన్ని బట్టో మారేది కాదు. పెట్ట కడుపులోని అండాశయం నుంచి ఊరే రసం వల్లే ఈక కొన గుండ్రంగా వస్తుంది. ఆ రసం లేకపోతే కోసుగా వస్తుంది. అసీల్‌కైనా, కడక్‌నాథ్‌కైనా, నాటుకోడికైనా ఇదే లెక్క. మెడ మీద ఈకల్లేని బోడిమెడ కోళ్ళకి నడుం ఒక్కటీ చూస్తే సరిపోతుంది.

చూసే పద్ధతి చెబుతాను. పగలు వెంటపడి పట్టుకోకండి, కోడి బెదిరిపోతుంది, మీకూ ఆయాసం. చీకటి పడి గూట్లో సర్దుకున్నాక వెళ్ళండి. ఒక్కోదాన్నీ మెల్లిగా తీసి చంకలో ఇముడ్చుకోండి. తోక ముందు ఈకల్ని వేళ్ళతో పక్కకి తీయండి. ఎవరినైనా సెల్‌ఫోను లైటు పట్టుకోమనండి. పాత ఈకల మధ్య కొత్తగా మొలిచినవే చూడాలి. నాలుగైదు కోసు ఈకలు కనబడితే అది పుంజు. ఒక్కటీ కనబడకపోతే రెండు వారాలాగి ఇంకోసారి చూడండి. అప్పటికీ గుండ్రంగానే ఉంటే పెట్ట, సందేహం లేదు.

ఏది ఏదో గుర్తుండటానికి కాలికి రంగు బట్టపేలిక వదులుగా కట్టండి. పిల్ల ఎదుగుతుంటే అది బిగుస్తుంది, పదిరోజులకోసారి విప్పి మళ్ళీ కట్టాలి. పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే ఓ పేజీ తీసుకుని ఆరోవారం, తొమ్మిదోవారం, పన్నెండోవారం అని మూడు గళ్ళు గీసి ఎర్రపేలిక పిల్ల, పచ్చపేలిక పిల్ల అని రాసుకోండి. రెండు పొదుగులు అలా రాశారంటే మీ ఇంటి కోళ్ళ తీరు మీకే తెలిసిపోతుంది, ఎవర్నీ అడగక్కర్లేదు.

కూత, కాలిముల్లు

కూస్తే పుంజే కదా అంటారు. చాలావరకు నిజమే. కానీ కూయనంత మాత్రాన పెట్ట కాదు. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకుందట వెనకటికి ఓ ముసలమ్మ. పెరట్లో ముదురు పుంజు ఒకటుంటే లేత పుంజులు దాని భయానికి నోరెత్తవు. ఆ పెద్దదాన్ని అమ్మిన మర్నాడే మూడు గొంతులు లేస్తాయి!

పెట్ట కూసినా కంగారుపడకండి. అరిష్టమని వెంటనే కోసేస్తారు కొందరు. మందలో పుంజు లేనప్పుడు పెద్దరికం చేసే పెట్ట ఒక్కోసారి కూస్తుంది. అండాశయం జబ్బుపడ్డ ముసలి పెట్టకి కూడా పుంజు లక్షణాలు వస్తాయి. అది ఒంటి సంగతి, ఇంటి సంగతి కాదు. గుడ్లు పెడుతున్నంతకాలం దాన్ని ఉండనివ్వండి.

కాలి వెనక ముల్లు చూసి కూడా పిల్ల వయసులో చెప్పలేం. మూడు నెలలకి రెండింటికీ బొడిపే ఉంటుంది. ముసలి పెట్టలకీ ముల్లు వస్తుంది.

ఇంకో తికమక అయిదారు నెలలకి వస్తుంది. అప్పటిదాకా పాలిపోయి ఉన్న జుట్టు ఉన్నట్టుండి ఎర్రబడుతుంది. "అయ్యో, ఇది పుంజు కాబోలు" అని అప్పుడు అమ్మేవాళ్ళున్నారు. అది గుడ్డు పెట్టబోతోందనడానికి గుర్తు! అలాంటప్పుడు నడుం ఈకలు చూడండి. గుండ్రంగా ఉంటే వెనక రెండు ఎముకల మధ్య వేళ్ళు ఆనించండి. రెండు వేళ్ళు పట్టే సందుంటే గంపలో గడ్డి పరిచి ఉంచండి. త్వరలోనే గుడ్డు పెడుతుంది.

ఎన్ని ఉంచుకోవాలి?

ఎనిమిది పది పెట్టలకి ఒక పుంజు చాలు. గుడ్లు ఇంట్లో తినడానికే అయితే అసలు పుంజే అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. కాకపోతే వాటిని పొదగేస్తే పిల్లలు కావు. పొదగేయాలనుకుంటే మాత్రం ఒకే పొదుగులో పుట్టిన పుంజుని దాని తోడబుట్టిన పెట్టలకే ఉంచకండి. పిల్లలు బలహీనంగా వస్తాయి. పక్క ఊళ్ళో మీ వదినగారికో, పిన్నిగారికో మీ పుంజునిచ్చి వాళ్ళది తెచ్చుకోండి. డబ్బు ఖర్చూ ఉండదు, రాకపోకలూ ఉంటాయి.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని తెచ్చుకునేవాళ్ళు ముందే ఒక మాట అడగండి: ఆడా మగా కలిపి ఇస్తున్నారా, వేరుచేసి ఇస్తున్నారా? కలిపి ఇస్తే సగం పుంజులని లెక్క వేసుకునే డబ్బు కట్టండి. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకి, వనరాజా గుడ్లకీ మాంసానికీ కూడా.

ఎవరి దగ్గరైనా ఎదిగిన పిల్లల్ని పెట్టలని చెప్పి అమ్మజూపితే, మూడు నెలలు నిండినవే కొనండి. డబ్బిచ్చేముందు నడుం ఈకలు విప్పి చూడండి. మీరు అక్కడ చెయ్యి వేయగానే "ఈవిడకి తెలుసు" అని అమ్మేవాడికి అర్థమైపోతుంది, ధర కూడా దానంతటదే దిగుతుంది. మీరు అమ్మేటప్పుడూ అంతే. ఆరోవారంలో వచ్చి "ఇప్పుడే ఇచ్చేయమ్మా" అన్నవాడికి "పన్నెండోవారం నిండాక రా నాయనా" అని చెప్పండి. ఆ ఆరువారాల మేత ఖర్చు, పొరపాటున పోయే ఒక్క పెట్ట ఖరీదులో ఏ మూలకీ రాదు. ఆపాటికి పుంజులు కూడా ఒళ్ళు చేసి ఎక్కువ తూగుతాయి.

వచ్చేవారం పిల్లల్ని గద్ద, పిల్లి బారి నుంచి కాపాడుకునేలా పాత తలుపు చెక్కలతో గూడు చేయించుకోవడం గురించి చెప్పుకుందాం. ఈలోగా రాత్రిపూట ఓసారి గూటి దగ్గరకెళ్ళి మీ పిల్లల నడుం ఈకలు చూసి ఉంచుకోండి.